వెబ్‌మెయిల్‌లో పనిచేసే పాస్‌వర్డ్ అవుట్‌లుక్‌లో ఎందుకు పనిచేయదు?

ప్రశ్న: నమస్తే సార్. మాది గుంటూరు దగ్గర పల్లెటూరు. మొన్న అక్టోబర్‌లో జర్మనీలో ఒక యూనివర్సిటీలో పీహెచ్‌డీకి చేరాను. వాళ్ళు నాకు రెండక్షరాలు, నాలుగంకెలు ఉన్న ఒక ఐడీ, నా పేరుతో ఒక మెయిల్ అడ్రస్ ఇచ్చారు. బ్రౌజర్‌లో వెబ్‌మెయిల్ బాగానే తెరుచుకుంటోంది. నా ల్యాప్‌టాప్‌లో విండోస్‌తో పాటు వచ్చిన అవుట్‌లుక్‌లో అదే పాస్‌వర్డ్ కొడితే మాత్రం తప్పు అంటోంది. ఎన్నిసార్లు కొట్టానో లెక్కలేదు. ఫోన్‌లో మెయిల్స్ వస్తున్నాయి గానీ పంపడంలో చిక్కుంది. క్యాంపస్‌లో ఉన్నప్పుడు మా ప్రొఫెసర్‌గారికి వెళ్తోంది, నాన్నగారి జీమెయిల్‌కి పంపితే ‘రిలే యాక్సెస్ డినైడ్’ అంటోంది. రూమ్‌కి వచ్చాక ఎవరికీ వెళ్ళదు, అలా తిరుగుతూనే ఉంటుంది. ల్యాబ్ కంప్యూటర్‌లో మా సీనియర్ అన్నయ్య అవుట్‌లుక్ సెట్ చేసి ఇచ్చారు, అది పనిచేస్తోంది. కానీ ఈమధ్య వెబ్‌మెయిల్ తెరిస్తే రెండు వారాల మెయిల్సే కనిపిస్తున్నాయి. పాతవి యూనివర్సిటీ వాళ్ళే తీసేస్తున్నారా? ఫోన్‌లో పంపినవి ల్యాబ్‌లో కనిపించవు. సూచనల పేజీ అంతా జర్మన్‌లో ఉంది. ఫ్రెండ్స్ ‘అన్నీ జీమెయిల్‌కి ఫార్వర్డ్ పెట్టేసుకో, గొడవ వదిలిపోతుంది’ అంటున్నారు. ఏం చేయమంటారు?
— ఒక పరిశోధక విద్యార్థిని, జర్మనీ

జవాబు:

అమ్మా,

ముందు ల్యాబ్ కంప్యూటర్ దగ్గరికి వెళ్ళండి. ఫోనూ ల్యాప్‌టాపూ వారం ఆగినా కొంప మునగదు. అక్కడ మాత్రం పొద్దు పొడిచేసరికి ఇంకో రోజు మెయిల్ సర్వర్ మీంచి జారిపోతోంది.

తీసేస్తున్నది యూనివర్సిటీ కాదు, ఆ అవుట్‌లుక్కే. మీ అన్నయ్య దాన్ని పాప్ (POP) పద్ధతిలో, అంటే మెయిల్స్‌ని సర్వర్ నుంచి కంప్యూటర్‌లోకి దించుకునే పద్ధతిలో పెట్టి ఉంటారు. ఆఫీస్‌తో వచ్చే పాత అవుట్‌లుక్‌లో పాప్ ఖాతా పెట్టినప్పుడు రెండు టిక్కులు వాటంతటవే పడి ఉంటాయి. ‘సర్వర్‌లో ఒక కాపీ ఉంచు’ అనేది ఒకటి. దాని కిందే ‘14 రోజుల తర్వాత సర్వర్ నుంచి తీసెయ్యి’ అనేది రెండోది. మీరు రాసిన రెండు వారాల లెక్క సరిగ్గా అక్కడిదే. మొదటి టిక్కు చూసి అందరూ ధీమాగా ఉంటారు, రెండోదాన్ని ఎవరూ చదవరు.

పాప్ అనేది 1984 నాటి పద్ధతి. ఫోన్ లైన్ మీద కనెక్ట్ అయి, ఉన్న మెయిల్ అంతా గబగబా కంప్యూటర్‌లోకి దించుకుని లైన్ కట్ చేసే కాలానికి అది సరిపోయింది. దించుకున్నాక సర్వర్‌తో పని లేదు. పైగా అది ఇన్‌బాక్స్ ఒక్కదాన్నే చూస్తుంది. మీరు చేసుకున్న ఫోల్డర్లు, పంపిన మెయిల్స్ దానికి అక్కర్లేదు. ఫోన్‌లో పంపినవి ల్యాబ్‌లో కనిపించకపోవడానికి కారణం ఇదే. దీనికి బదులు వాడే ఇంకో పద్ధతి ఐమ్యాప్ (IMAP), 1986లో స్టాన్‌ఫర్డ్‌లో మార్క్ క్రిస్పిన్ రాసింది. అందులో మెయిల్ సర్వర్‌లోనే ఉంటుంది, ఫోనూ ల్యాప్‌టాపూ ల్యాబ్ కంప్యూటరూ అన్నీ అదే పెట్టెలోకి తొంగి చూస్తాయి. ఒకచోట చదివితే అన్నిచోట్లా చదివినట్టు, ఒకచోట తీసేస్తే అన్నిచోట్లా పోయినట్టు. రెండు పరికరాలు దాటిన ఎవరికైనా ఈ రోజుల్లో పాప్ పెట్టుకోమని నేను చెప్పను.

పోయాయనుకున్న మెయిల్స్ పోలేదు, ల్యాబ్ కంప్యూటర్ హార్డ్‌డిస్క్‌లో ఒక ఫైల్‌గా ఉన్నాయి. వాటిని వెనక్కి ఎక్కించే పద్ధతి ఇదీ. అవుట్‌లుక్‌లో అకౌంట్ సెట్టింగ్స్ తెరిచి, మీ ఖాతాలో ‘మోర్ సెట్టింగ్స్’, అందులో ‘అడ్వాన్స్‌డ్’ ట్యాబ్‌కి వెళ్ళి 14 రోజుల టిక్కు తీసేయండి. మొదటి టిక్కు అలాగే ఉంచండి. తర్వాత అదే అవుట్‌లుక్‌లో అదే అడ్రస్‌ని ఐమ్యాప్ ఖాతాగా రెండోసారి చేర్చండి. ఎడమవైపు రెండు ఖాతాలు కనిపిస్తాయి. ఐమ్యాప్ వైపు ‘పాతవి’ అని ఒక కొత్త ఫోల్డర్ పెట్టి, పాప్ ఇన్‌బాక్స్‌లోని మెయిల్స్‌ని కొన్ని కొన్ని చొప్పున అందులోకి కాపీ చేయండి. మూవ్ కాదు, కాపీ. అన్నీ ఒకేసారి ఎంచి లాగితే మధ్యలో ఆగిపోతుంది, ఏవి వెళ్ళాయో ఏవి వెళ్ళలేదో తెలియదు. పాప్ వైపు ‘సెంట్’ ఫోల్డర్‌ని కూడా మరిచిపోకండి, అక్కడి నుంచి మీరు పంపినవన్నీ ఆ ఒక్క కంప్యూటర్‌లోనే ఉన్నాయి. మొదలుపెట్టే ముందు వెబ్‌మెయిల్‌లో మీ కోటా, అంటే మీకిచ్చిన చోటు, ఎంత మిగిలిందో చూసుకోండి.

అంతా ఎక్కాక వెబ్‌మెయిల్ తెరిచి, అక్టోబర్‌లో చేరగానే వచ్చిన మెయిలో, వీసా కాగితాల మెయిలో మీకు గుర్తున్న నాలుగైదు వెతికి చూడండి. అటాచ్‌మెంట్ తెరుచుకుంటోందా అని కూడా చూడాలి. అప్పుడే పాప్ ఖాతా తీసేయండి. ఆ ల్యాబ్ కంప్యూటర్ ఇంకెవరైనా వాడేదైతే, మీ మెయిల్ ఫైల్ అందులో మిగిలిపోకుండా చూసుకోవడం కూడా మీ పనే.

ఇక పాస్‌వర్డ్ గొడవ. మీ పాస్‌వర్డ్ తప్పు కాదు, పక్క గడిలోది తప్పు. మీరు అవుట్‌లుక్‌లో అడ్రస్, పాస్‌వర్డ్ రెండే ఇచ్చి ఉంటారు. అది యూజర్‌నేమ్ గడిలో మీ మెయిల్ అడ్రస్‌నే పెట్టేసుకుని సర్వర్ దగ్గరికి వెళ్తుంది. మీ యూనివర్సిటీ సర్వర్‌కి ఆ అడ్రస్‌తో పని లేదు, దానికి తెలిసింది ఆ రెండక్షరాల నాలుగంకెల ఐడీ. వెబ్‌మెయిల్‌లో మీరు ఏది కొట్టి లోపలికి వెళ్తున్నారో ఒకసారి చూసుకోండి, బహుశా ఐడీయే. యూజర్‌నేమ్ తప్పినా సర్వర్ ‘లాగిన్ ఫెయిల్డ్’ అనే అంటుంది. కావాలనే అలా పెడతారు, ఏది తప్పో చెప్తే దొంగకి సగం పని తగ్గిపోతుంది కదా. అవుట్‌లుక్ దాన్ని ‘పాస్‌వర్డ్ తప్పు’ అని తర్జుమా చేసి మీ ముందు పెడుతుంది. మీరేమో పాస్‌వర్డే మళ్ళీ మళ్ళీ కొడతారు.

కొన్ని చోట్ల ఐడీ ఒక్కటే చాలు, కొన్ని చోట్ల ఐడీ పక్కన యూనివర్సిటీ డొమైన్ కూడా రాయాలి. సూచనల పేజీలో ‘బెనుట్జర్‌నామె’ (యూజర్‌నేమ్) అన్నచోట ఏముందో అక్షరం పొల్లుపోకుండా అదే కొట్టండి. అదే పేజీలో ఇంకో సంగతి కూడా చూడండి. కొన్ని యూనివర్సిటీలు మెయిల్‌కి ఒక పాస్‌వర్డ్, వైఫైకి ఒకటి, పోర్టల్‌కి ఒకటి వేరువేరుగా ఇస్తాయి. మరికొన్ని వెబ్‌మెయిల్‌కి ఫోన్‌లో వచ్చే ఆరంకెల కోడ్ పెట్టి, ఆ కోడ్ అడగడం చేతకాని మెయిల్ ప్రోగ్రాములకి విడిగా ఒక పాస్‌వర్డ్ తయారుచేసుకోమంటాయి. మీకు వెబ్‌మెయిల్ కోడ్ అడుగుతుంటే, మీదీ ఆ బాపతే అయి ఉండొచ్చు.

అయితే ఆ విండోస్‌తో వచ్చిన అవుట్‌లుక్‌నే సరిచేసుకోండి అని మాత్రం చెప్పను. పేరు ఒకటే గానీ అది ల్యాబ్‌లో ఉన్న పాత అవుట్‌లుక్ కాదు. కొత్త అవుట్‌లుక్‌లో ఐమ్యాప్ ఖాతా పెడితే, మీ ల్యాప్‌టాప్ నేరుగా యూనివర్సిటీ సర్వర్‌తో మాట్లాడదు. మీ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ మైక్రోసాఫ్ట్ సర్వర్లకి వెళ్తాయి, వాళ్ళ సర్వర్లు మీ తరఫున లాగిన్ అయి మీ మెయిల్స్ తెచ్చుకుని మీకు చూపిస్తాయి. 2023 నవంబర్‌లో జర్మనీ టెక్ పత్రిక హైసె ఈ సంగతి బయటపెట్టింది, అప్పటి ఫెడరల్ డేటా రక్షణ కమిషనర్ ఉల్రిష్ కెల్బర్ ఆందోళన వ్యక్తం చేశారు. ఆ తర్వాత అక్కడి చాలా యూనివర్సిటీలు దీన్ని వాడొద్దని తమ సూచనల్లో రాసుకున్నాయి. యూనివర్సిటీ పాస్‌వర్డ్ మూడో వ్యక్తికి ఇవ్వకూడదన్నది మీరు చేరినప్పుడు ఒప్పుకున్న నిబంధనల్లోనే ఉండి ఉంటుంది, ఆ మూడో వ్యక్తి ఎంత పెద్ద కంపెనీ అయినా సరే. ఫోన్‌లో అవుట్‌లుక్ యాప్‌ది కూడా ఇదే దారి.

కాబట్టి ల్యాప్‌టాప్‌లో ఆ ఖాతా తీసేసి, పాస్‌వర్డ్ మార్చేయండి. మార్చే వరసలో ఒక కిటుకుంది. ముందు ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి, ల్యాబ్ అవుట్‌లుక్‌ని మూసేయండి. ఆ తర్వాతే ల్యాప్‌టాప్ బ్రౌజర్‌లో పాస్‌వర్డ్ మార్చండి. లేకపోతే ఇటు మీరు మార్చిన మరుక్షణం నుంచి అటు ఫోన్ పాత పాస్‌వర్డ్‌తో కొన్ని నిమిషాలకోసారి తలుపు కొడుతూనే ఉంటుంది. సర్వర్‌కి అది ఎవరో పాస్‌వర్డ్ ఊహిస్తున్నట్టు కనిపిస్తుంది. ఖాతాకి తాళం పడుతుంది, లేదా మీ ఇంటి ఐపీ అడ్రస్‌నే కాసేపు బయట పెడుతుంది. అలా బయట పెట్టాక సరైన పాస్‌వర్డ్ కొట్టినా ‘కనెక్షన్ టైమ్డ్ అవుట్’ అనే వస్తుంది. నిన్నటిదాకా పనిచేసింది ఈరోజు ఏ పరికరంలోనూ పనిచేయట్లేదు అనే ఉత్తరాలు నాకు తరచుగా వస్తుంటాయి. వాటిలో చాలావాటికి మూలం డ్రాయర్‌లో పడున్న పాత ట్యాబే. క్యాంపస్‌లోని ఎడ్యురోమ్ వైఫైకి కూడా అదే పాస్‌వర్డ్ అయితే, మీ పరికరాల్లో అక్కడ కూడా వెంటనే కొత్తది పెట్టుకోండి.

ల్యాప్‌టాప్‌లో థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రాం పెట్టుకోండి. ఉచితం, ఇంగ్లీషులో దొరుకుతుంది, ఐమ్యాప్ సర్వర్‌తో నేరుగా మాట్లాడుతుంది, జర్మన్ యూనివర్సిటీల సూచనల పేజీల్లో దాదాపు అన్నిచోట్లా దాని స్క్రీన్‌షాట్లు ఉంటాయి. పేరు, అడ్రస్, పాస్‌వర్డ్ అడుగుతుంది. పేరు గడిలో మన ఇంట్లో పిలిచే పేరు కాకుండా యూనివర్సిటీ రికార్డులో ఉన్నట్టే రాయండి. మన పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు ఎక్కడికి పోయిందో, తండ్రి పేరు ఎక్కడికి వచ్చిందో మనకే తెలియదు. మీ ప్రొఫెసర్‌గారి ఇన్‌బాక్స్‌లో ఒక పేరు, పరీక్షల ఆఫీసు జాబితాలో ఇంకో పేరు ఉంటే వాళ్ళు తికమక పడతారు.

తర్వాత అది తనే సర్వర్‌ని వెతుకుతానంటుంది. యూనివర్సిటీ సరైన వివరాలు పెట్టి ఉంటే బాగానే వెతుకుతుంది. అయినా మీరు ‘కాన్ఫిగర్ మాన్యువల్లీ’ నొక్కి ఒక్కో గడీ కళ్ళతో చూసుకోండి. సూచనల పేజీలో ‘పోస్టైన్‌గాంగ్స్ సర్వర్’ అంటే వచ్చే మెయిల్ సర్వర్, ‘పోస్టౌస్‌గాంగ్స్ సర్వర్’ అంటే పంపే మెయిల్ సర్వర్. ఈ రెండూ వేరు. పేర్లు వేరు కావచ్చు, పోర్టులు, అంటే సర్వర్‌లోకి వెళ్ళే తలుపుల నంబర్లు, తప్పకుండా వేరు. మెయిల్స్ వస్తున్నాయి కాబట్టి పంపడం కూడా సరిగ్గానే ఉండాలి కదా అనుకోవడం వల్లే సగం మంది ఇరుక్కుంటారు.

వచ్చేదానికి: రకం ఐమ్యాప్, పోర్టు 993, కనెక్షన్ భద్రత ఎస్‌ఎస్‌ఎల్/టీఎల్‌ఎస్. పంపేదానికి: పోర్టు 587 అయితే స్టార్ట్‌టీఎల్‌ఎస్, 465 అయితే ఎస్‌ఎస్‌ఎల్/టీఎల్‌ఎస్. మీ పేజీలో రెండింటిలో ఏదుంటే అది. ఇవి జతలు, విడదీయకూడదు. 587 పెట్టి ఎస్‌ఎస్‌ఎల్ ఎంచుకుంటే కనెక్షన్ కుదరదు. 587లో ముందు మామూలు మాటలతో మొదలై, ‘ఇక రహస్యంగా మాట్లాడుకుందాం’ అని మధ్యలో మారతారు. 465లో మొదటి మాట నుంచే రహస్యం. ప్రోగ్రాం ఒకలా మొదలుపెట్టి సర్వర్ ఇంకోలా ఎదురుచూస్తే ఇద్దరూ అలా చూస్తూ కూర్చుంటారు. ఇంటర్నెట్ ప్రమాణాలు రాసేవాళ్ళు 2018లో మొదటి నుంచే రహస్యంగా ఉండే పద్ధతి మేలన్నారు. కానీ అమర్చి ఉన్నది ఏదో మీ సర్వర్‌కే తెలుసు, కాబట్టి పేజీలో ఉన్నదే పెట్టండి.

‘ఆథెంటికేషన్ మెథడ్’ దగ్గర ‘నార్మల్ పాస్‌వర్డ్’ అని ఉంటుంది, పక్కనే ‘ఎన్‌క్రిప్టెడ్ పాస్‌వర్డ్’ అని ఇంకోటి ఉంటుంది. భద్రత కోసం రెండోది మంచిదేమో అనిపిస్తుంది. వద్దు. నార్మల్ అన్నా కూడా అది టీఎల్‌ఎస్ అనే రహస్య గొట్టంలోంచే వెళ్తుంది, దారిలో ఎవరికీ కనపడదు. రెండోది పాత కాలపు వేరే పద్ధతి, దాన్ని ఎంచుకుంటే చాలా సర్వర్లు ఒప్పుకోవు. యూజర్‌నేమ్ గడులు రెండుంటాయి, వచ్చేదానికొకటి, పంపేదానికొకటి. రెండింట్లోనూ ఐడీ పెట్టండి. పైగడిలో సరిచేసి కింద గడి మరిచిపోవడం అందరూ చేసే పనే.

ఇప్పుడు ఫోన్. మీరు రాసిన మూడు లక్షణాలు పక్కపక్కన పెట్టి చూస్తే జబ్బు తేలిగ్గా తెలిసిపోతుంది. ‘రిలే యాక్సెస్ డినైడ్’ అనేది పోస్ట్‌ఫిక్స్ అనే సర్వర్ సాఫ్ట్‌వేర్ వాడే మాట, అంటే మీ యూనివర్సిటీ తన సొంత మెయిల్ సర్వర్ నడుపుకుంటోందన్నమాట. తన యూనివర్సిటీ వాళ్ళకి వచ్చిన మెయిల్‌ని ఏ సర్వరైనా, ఎవరు తెచ్చినా తీసుకోవాల్సిందే, అది దాని ఉద్యోగం. అందుకే ప్రొఫెసర్‌గారికి వెళ్ళింది. కానీ బయటి వాళ్ళకి, అంటే మీ నాన్నగారి జీమెయిల్‌కి, మెయిల్ మోసుకెళ్ళాలంటే ‘నువ్వెవరు?’ అని అడుగుతుంది. మీ ఫోన్ పంపేటప్పుడు లాగిన్ అవ్వట్లేదు కాబట్టి, ఎవరో తెలియని మనిషికి నేను మోయను అని తిప్పికొట్టింది. అడగకుండా ఎవరి మెయిల్ పడితే వాళ్ళది మోసే సర్వర్ ఉంటే ఒక్క రోజులో ప్రపంచంలోని స్పామ్ అంతా దాని మీదుగానే వెళ్తుంది.

రూమ్‌లో అసలు ఎవరికీ వెళ్ళకపోవడం చూస్తే మీ ఫోన్‌లో పంపే పోర్టు 25 అని ఉండి ఉంటుంది. 25 అనేది సర్వర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే దారి. ఇళ్ళకి ఇంటర్నెట్ ఇచ్చే చాలా కంపెనీలు స్పామ్ ఆపడానికి దాన్ని మూసేస్తాయి. క్యాంపస్‌లో తెరిచి ఉంది, రూమ్‌లో లేదు, అంతే తేడా. ఫోన్‌లో ఔట్‌గోయింగ్ సర్వర్ సెట్టింగ్స్‌కి వెళ్ళి పోర్టు మార్చి, ‘రిక్వైర్ సైన్-ఇన్’ టిక్కు పెట్టి, ఐడీ, పాస్‌వర్డ్ ఇవ్వండి.

అది మార్చాక కూడా రూమ్‌లో మాత్రమే పంపడం ఆగిపోతుంటే, గోడ మీదున్న రౌటర్ పేరు చూడండి. స్పీడ్‌పోర్ట్ అని ఉంటే, దాని సెట్టింగ్స్‌లో అనుమతించిన ఈమెయిల్ సర్వర్ల జాబితా ఒకటి ఉంటుంది. పెద్ద కంపెనీల సర్వర్లు అందులో ముందే ఉంటాయి, మీ యూనివర్సిటీది ఉండకపోవచ్చు. జాబితాలో లేని సర్వర్‌కి మెయిల్ ప్రోగ్రాం నుంచి పంపనివ్వదు. మీ సర్వర్ పేరు చేర్చడమో, ఆ జాబితానే ఆపేయడమో చేయాలి. ఈ ఒక్క టిక్కు తెలియక పోర్టులన్నీ మార్చి మార్చి విసిగిపోయినవాళ్ళు జర్మనీలో చాలామంది ఉన్నారు. రౌటర్ ఇంటి ఓనర్‌దైతే వాళ్ళనే అడగండి, మనమే లోపలికి దూరి మార్చకూడదు.

నిజానికి ఫోన్‌లో ఈ గడులన్నీ చిన్న స్క్రీన్ మీద నింపే బదులు ఇంకో దారి ఉంది. 2024 అక్టోబర్‌లో ఆండ్రాయిడ్‌కి థండర్‌బర్డ్ వచ్చింది, చాలా కాలంగా ఉన్న కె-9 మెయిల్ యాప్ మీదే దాన్ని కట్టారు. ల్యాప్‌టాప్ థండర్‌బర్డ్‌లో పంపడం, రావడం రెండూ కుదిరాక, మెనూలో ‘టూల్స్’ కింద ‘ఎక్స్‌పోర్ట్ ఫర్ మొబైల్’ నొక్కితే క్యూఆర్ కోడ్ వస్తుంది. ఫోన్‌లోని థండర్‌బర్డ్‌తో దాన్ని స్కాన్ చేస్తే సర్వర్లు, పోర్టులు, యూజర్‌నేమ్ అన్నీ అలాగే వచ్చేస్తాయి. పాస్‌వర్డ్ కూడా కలిపి పంపమంటారా అని అడుగుతుంది. ఒప్పుకుంటే ఆ కోడ్‌ని ఎవరూ ఫొటో తీయకుండా చూసుకోండి, వాట్సాప్‌లో పంపుకోవడం లాంటివి అసలు చేయకండి.

అన్నీ ఐమ్యాప్‌కి మారాక మీకు ఒక కొత్త చికాకు ఎదురవుతుంది, ముందే చెప్తున్నాను. వెబ్‌మెయిల్ పంపినవాటిని ‘గెజెండెట్’ అనే ఫోల్డర్‌లో పెడుతుంటుంది, ఫోన్ ‘సెంట్’లో, ల్యాబ్ అవుట్‌లుక్ ‘సెంట్ ఐటమ్స్’లో. ఒకే పనికి మూడు ఫోల్డర్లు. చెత్తబుట్ట కూడా అంతే, ‘పాపియర్‌కోర్బ్’ ఒకటి, ‘ట్రాష్’ ఒకటి. వెబ్‌మెయిల్ ఏది వాడుతోందో చూసి, మిగతావాటిని దాని దారికి తెచ్చుకోండి. థండర్‌బర్డ్‌లో అకౌంట్ సెట్టింగ్స్‌లో ‘కాపీస్ అండ్ ఫోల్డర్స్’ దగ్గర, ఫోన్‌లో ఖాతా సెట్టింగ్స్‌లో ఫోల్డర్ల దగ్గర మార్చుకోవచ్చు. ఖాళీ అయిన అదనపు ఫోల్డర్లు తర్వాత తీసేయండి. ఏదైనా ఫోల్డర్ వెబ్‌మెయిల్‌లో ఉండి థండర్‌బర్డ్‌లో కనిపించకపోతే కంగారు పడకండి, ఖాతా పేరు మీద రైట్ క్లిక్ చేసి ‘సబ్‌స్క్రైబ్’లో దానికి టిక్కు పెడితే వస్తుంది.

ఎప్పుడైనా ‘సర్టిఫికెట్ సరిపోలడం లేదు’ అని హెచ్చరిక వస్తే ఒప్పుకుని ముందుకెళ్ళకండి. మామూలుగా అది సర్వర్ పేరు మీరు కొద్దిగా తప్పు కొట్టడం వల్ల వస్తుంది. కాఫీ షాపు వైఫైలో వస్తే మాత్రం, మధ్యలో ఇంకెవరో ఉండి ఉండొచ్చు.

ఫార్వర్డ్ విషయంలో మీ ఫ్రెండ్స్ మాట వినకండి. జీమెయిల్ 2024 ఫిబ్రవరి నుంచి పంపేవాళ్ళెవరైనా సరే ఎస్‌పీఎఫ్ గానీ డీకిమ్ గానీ సరిగ్గా ఉండాలని పట్టుబడుతోంది. ఎస్‌పీఎఫ్ అంటే ఫలానా డొమైన్ మెయిల్ ఫలానా సర్వర్ల నుంచే రావాలి అని రాసిపెట్టే చిట్టా. బయటి కంపెనీ మీకు పంపిన మెయిల్‌ని మీ యూనివర్సిటీ జీమెయిల్‌కి తోస్తే, ఆ కంపెనీ చిట్టాలో మీ యూనివర్సిటీ సర్వర్ పేరు ఉండదు. ఆ కంపెనీ మెయిల్ మీద డీకిమ్ అనే డిజిటల్ సంతకం కూడా పెట్టి ఉండకపోతే జీమెయిల్ దాన్ని స్పామ్‌లో వేయొచ్చు, అసలు తీసుకోకపోనూ వచ్చు. మీకు రాలేదన్న సంగతే మీకు తెలియదు. అది కాన్ఫరెన్స్ వాళ్ళ జవాబైతే గడువు దాటాక తెలుస్తుంది. పైగా పీహెచ్‌డీ అంటే మీరు అక్కడ సగం ఉద్యోగి. విద్యార్థుల మార్కులు, ప్రాజెక్టు డేటా మీ మెయిల్‌లోకి వస్తాయి. యూరప్ డేటా రక్షణ చట్టం వల్ల చాలా యూనివర్సిటీలు ఉద్యోగుల మెయిల్‌ని బయటికి ఆటోమేటిక్‌గా తోయడాన్ని నిషేధించాయి. జర్మన్ పేజీలో ‘వైటర్‌లైటుంగ్’ (ఫార్వర్డ్ చేయడం) అనే మాట ఎక్కడుందో వెతికి, అక్కడ ఏం రాశారో అనువాదం చేసి చదువుకోండి.

ఇది చదివే ఇతరుల కోసం ఒక మాట. యూనివర్సిటీ మెయిల్ మైక్రోసాఫ్ట్ 365 మీద ఉన్నవాళ్ళకి పైన చెప్పిన ‘నార్మల్ పాస్‌వర్డ్’ పనిచేయదు. ఐమ్యాప్‌కి ఉత్త పాస్‌వర్డ్‌తో లాగిన్ అవడాన్ని మైక్రోసాఫ్ట్ 2022 అక్టోబర్ నుంచి ఆపేస్తూ వచ్చింది. థండర్‌బర్డ్‌లో ఆథెంటికేషన్ దగ్గర ‘ఓఆథ్2’ ఎంచుకుంటే మీ యూనివర్సిటీ లాగిన్ పేజీయే ఒక చిన్న కిటికీలో తెరుచుకుంటుంది. మన దేశంలో చాలా కాలేజీల్లోలాగా గూగుల్ మీద ఉన్న మెయిల్‌కీ అదే దారి. అక్కడ కూడా పని కాకపోతే మీ కాలేజీ అడ్మిన్ ఐమ్యాప్‌ని మూసేసి ఉండొచ్చు, అది మీ చేతిలో లేని విషయం.

ఇవన్నీ చేశాక కూడా ఏదైనా ఆగితే యూనివర్సిటీ కంప్యూటర్ సెంటర్‌కి, అంటే ‘రెషెన్‌సెంట్రుమ్’కి రాయండి. ఇంగ్లీషులో రాసినా జవాబిస్తారు. ‘నా మెయిల్ పనిచేయట్లేదు, దయచేసి సాయం చేయండి’ అని రాస్తే తిరిగి ప్రశ్నలే వస్తాయి. వాళ్ళు సర్వర్ లాగ్ తెరిచి మీ ప్రయత్నాన్ని వెతకాలంటే కావలసినవి కొన్నే. ఏ రోజు, ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకి ప్రయత్నించారు, మీ ఐడీ ఏమిటి, ఏ ప్రోగ్రాం, ఏ సర్వర్ పేరు, ఏ పోర్టు, ఏ భద్రత, క్యాంపస్ వైఫైయా ఇంటి వైఫైయా, స్క్రీన్ మీద వచ్చిన మాటలు ఉన్నవి ఉన్నట్టు. మీరు నాకు రాసిన ఉత్తరంలో ‘రిలే యాక్సెస్ డినైడ్’ అన్న మూడు మాటలు ఉన్నాయి కాబట్టే ఫోన్ సంగతి ఇక్కడి నుంచి చెప్పగలిగాను. పాస్‌వర్డ్ మాత్రం వాళ్ళు అడిగినా రాయకండి. నిజమైన కంప్యూటర్ సెంటర్ వాళ్ళు అడగరు, అడిగారంటే ఆ మెయిల్ వాళ్ళది కాదు.